నేను తీసేసిన కోడిగుడ్డు బొమ్మ

ఈ పని ఏమిటంటే

నేను దాదాపు ముప్పై ఏళ్ళు చేసిన పని ఏమిటో మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ల దగ్గర పని అనగానే ఎదురింటావిడ పాడైన మిక్సీ పట్టుకొచ్చేది. పక్కింటాయన టీవీ రిమోట్ తెచ్చేవాడు. ఒకసారి ఖాళీగా ఉండి ఆ మిక్సీ బాగుచేసి ఇచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ తరువాత ఏం చెప్పినా ఎవరూ నమ్మలేదు.

నేను వెబ్ పేజీలు రాసేదాన్ని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పేజీల్లో ఇమిడి ఉండే చిన్న చిన్న భాగాలు రాసేదాన్ని. ఫోన్లో బస్సు టికెట్ తీసుకునేటప్పుడు తేదీ గడి మీద వేలు పెడితే చిన్న క్యాలెండర్ తెరుచుకుంటుంది కదా, అలాంటివి. వాటిని విడ్జెట్లు అంటారు. అవి సరిగ్గా పనిచేస్తే ఉన్నాయని కూడా ఎవరికీ తోచదు. చెడిపోతే మాత్రం అందరికీ గుర్తొస్తాయి.

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు, "మేడం, మీరు నేర్చుకున్నది రాసిపెట్టండి" అని అడిగారు. వాళ్ళ కోసమే ఇది. ప్రమోషన్ల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. చిక్కబళ్ళాపురంలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఆరుగురం పనిచేసేవాళ్ళం, ఎక్కడానికి ఆఫీసు మెట్లు తప్ప వేరే మెట్లు లేవు. కాబట్టి మా యజమాని గురించి, ఒక క్యాలెండర్ గురించి, దాన్ని బాగుచేయబోయి నేను చేసిన తప్పు గురించి రాస్తాను. మిగతాది మీకు పుస్తకాల్లో దొరుకుతుంది.

మాది చింతామణి. గుడి సేవ చేసుకునే ఇల్లు. మా తాత పంచాంగం గుణించేవాడు. నేను ఒక ముద్రణ దుకాణంలో కంప్యూటర్ మీద పెళ్ళి పత్రికలు టైపు చేస్తూ ఈ దారిలోకి వచ్చాను. ఏ రోజు ఏ ముహూర్తమో చూసే ఇంట్లో పుట్టి జీవితమంతా క్యాలెండర్లే రాశానంటే, చేప పిల్లకు ఈత నేర్పక్కర్లేదని అందరూ అనేవారు. ఆ మాట నేనూ నమ్మాను. తప్పు అక్కడే మొదలయిందేమో.

రామచంద్రప్పగారి సొరుగు

మా యజమాని రామచంద్రప్పగారికి కోడ్ రాయడం రాదు. అంతకు ముందు ఆయన టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. కానీ నాకు ఈ పని నేర్పింది ఆయనే.

ఆయన బల్ల సొరుగులో ఒక పాత ఫోన్ ఉండేది. అద్దం మూలన పగిలి, వెనక మూతకు రబ్బరు బ్యాండు వేసి ఉండేది. ఏ పేజీ పూర్తయినా మాలో ఒకరు ఆ ఫోన్ తీసుకుని బస్సెక్కి, బాగేపల్లి మీదుగా పాతపాళ్య పోవాలి. ఆ రోజుల్లో అక్కడ సిగ్నల్ ఉందీ లేదన్నట్టు ఉండేది. బస్టాండులో నిలబడి పేజీ తెరవాలి. టీ తాగేలోపు తెరుచుకుంటే పని అయినట్టు. లేకపోతే తిరిగొచ్చి బరువు తగ్గించాలి.

మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో రెప్పపాటులో తెరుచుకునే పేజీ కోసం ఒక రోజంతా బస్సులోనా అని అడిగాను.

"ఏమ్మా నాగలక్ష్మీ, ఈడ తెరుచుకునేది ఏం గొప్ప?" అన్నారాయన. "పాతపాళ్యలో రాగి చేను మధ్యలో నిలబడుకోని చూసేవాడు యాడికి పోవల్ల? వాడి ఫోన్లో తెరుచుకుంటేనే తెరుచుకునినట్టు."

పాతపాళ్య నుంచి మూడుసార్లు ఓడిపోయి తిరిగొచ్చాక నాకు పేజీలను సన్నబరచడం అలవాటయింది. ఒక్క తేదీ గడి కోసం మోసుకొచ్చిన పెద్ద లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ మూటను, తీసేయడం, బాణం బొమ్మ బదులు బాణం గుర్తున్న అక్షరం పెట్టడం, ఎవరూ చదవని పాతిక భాషల ఫైళ్ళు తొలగించడం. బరువు దిగుతుంటే ఒక సుఖం ఉంటుంది. మీకూ తెలుస్తుంది. ఆ సుఖం దగ్గరే జాగ్రత్తగా ఉండాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన రెండో నియమం ఇంకా కష్టమైనది. బాగేపల్లిలో ఒక కల్యాణ మంటపానికి బుకింగ్ పేజీ రాశాను. మేం రాసే జావాస్క్రిప్టు భాషలో నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. జనవరి సున్నా, ఫిబ్రవరి ఒకటి. ఎవరికి ఏ పూట పుట్టిన బుద్ధో గానీ, అది అంతే. నేను ఒకచోట ఒకటి కలపడం మరిచిపోయాను. నిండిన రోజు ఖాళీగా కనిపించి, రెండు కుటుంబాలు ఒకే ముహూర్తానికి మంటపం తీసుకున్నాయి. ఫోన్ చేసి క్షమాపణ చెబుతానన్నాను.

"ఫోన్లో చెప్పేది కాదు అది," అన్నారు రామచంద్రప్పగారు. "తప్పు చేసినోళ్ళు గడప దాకా పోయి చెప్పల్ల. పో."

రెండిళ్ళకూ పోయాను. మొదటి ఇంట్లో తిట్లు తిన్నాను. రెండో ఇంట్లో వాళ్ళు పురోహితుణ్ణి అడిగి సాయంత్రం లగ్నానికి ఒప్పుకున్నారు. ఆ ఇంటి ముసలమ్మ నాకు ఆకు వేసి, "తప్పు చేసి ఇంటికొచ్చినదాన్ని నిన్నే చూస్తాండా తల్లీ, తిని పో," అంది. తిట్ల కంటే ఆ అన్నం తినడమే కష్టమయింది. ఆ నెలల లెక్కలో మళ్ళీ ఎప్పుడూ తప్పు చేయలేదు.

మార్తా కోళ్ళు

జంగమకోటె చుట్టుపక్కల పట్టు రైతులు కొందరు ఒక సంఘంగా చేరి తమకొక పేజీ కావాలని వచ్చారు. పురుగులు ఇంటికి తెచ్చిన తేదీ నొక్కితే ఏ రోజు ఏ పని చేయాలో అది చూపాలి. వాళ్ళ తరఫున మాట్లాడిన మనిషి రత్నమ్మ. నలభై దాటిన మనిషి, మాట కొడవలి మొన. భర్త పోయాక మరిది శీనప్పతో కలిసి మల్బరీ తోట, పురుగుల ఇల్లు చూసుకునేది.

అలాంటి క్యాలెండర్ మొదటి నుంచి రాయకుండా, ఓపెన్ సోర్స్‌లో ఏమైనా దొరుకుతుందేమో చూశాను. ఓపెన్ సోర్స్ అంటే వీధిలో అందరూ వాడుకునే రుబ్బురోలు లాంటిది. ఎవరైనా రుబ్బుకోవచ్చు, పోయేటప్పుడు కడిగి పోవాలి. వెతగ్గా ఒకటి దొరికింది. ఎక్కడో చలి దేశంలో మార్తా అనే ఆవిడ, కోడిగుడ్లను పొదిగే పెట్టెలో పెట్టినప్పటి నుంచి పిల్ల బయటికొచ్చే దాకా రోజులు లెక్కపెట్టుకోవడానికి రాసుకున్న విడ్జెట్ అది. గుడ్లు పెట్టిన తేదీ ఇస్తే వరసగా గడులు వస్తాయి, ఒక్కో గడిలో ఆ రోజు పని ఉంటుంది. కోళ్ళ బదులు పట్టుపురుగులు. ఇంతకంటే దగ్గర సంబంధం దొరకదనిపించింది.

దాన్ని పెంచాను. కన్నడ, తెలుగు అక్షరాలు పెట్టాను. ఎండలో కూడా కనిపించేలా రంగులు మార్చాను. ఒక కుటుంబంలో అందరి ఫోన్లలోనూ ఒకే పేజీ కనిపించేలా, ఒకరు మార్చింది మిగతావాళ్ళకూ తెలిసేలా చేశాను. నా మార్పులు మార్తాకు పంపితే ఆవిడ ఒక్కోటీ చదివి, ప్రశ్నలడిగి, తన కోడ్‌లో కలిపేసుకునేది. మేం ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. అయినా నా తప్పులు అంత ఓపికగా చదివిన మనిషి ఇంకొకరు లేరు.

పట్టుపురుగు గురించి ఒక్క సంగతి చెప్పాలి. అది పాత చర్మం వదిలే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. పురుగు రైతు ఇంటికి వచ్చాక అలాంటివి రెండు జ్వరాలు దాటాలి. దాదాపు అన్ని పురుగులూ లేచాకే మళ్ళీ ఆకు వేయాలి. కొన్ని లేచి కొన్ని లేవకముందే వేస్తే, లేచినవి తిని ముందుకు పోతాయి, లేవనివి ఆకు కింద పడి వెనకబడతాయి. ఒకసారి వెనకబడిన పురుగు మళ్ళీ అందుకోదు. నేను ఇవన్నీ రత్నమ్మను అడిగి రాసుకున్నాను. జ్వరం ఇన్ని గంటలు, మేత ఫలానా పూట అని గడుల్లో పెట్టాను. అది గడియారంలా నడిచే లెక్క అనుకున్నాను.

సన్నబరిచాను

మూడేళ్ళు పోయేసరికి ఆ విడ్జెట్ ఒళ్ళు చేసింది. అడిగినవాళ్ళందరికీ ఏదో ఒకటి కలిపాను కదా. పాతపాళ్యలో రెండు టీలు తాగినా తెరుచుకోలేదు. నేను కత్తెర తీసుకుని కూర్చున్నాను.

ఆ పనిలో మార్తా పాత కోడ్‌లో ఒక మూల కోడిగుడ్డు బొమ్మ కనిపించింది. గడుల వరస కింద చిన్నగా ఉంటుంది. ఏ పేరూ లేదు, ఏ వివరణా లేదు. దాని వెనక చాలా కోడ్ ఉంది. మా పేజీల్లో ఎక్కడా దాని గురించి రాయలేదు, ఏ రైతూ దాని గురించి అడగలేదు. పట్టుపురుగులకు కోడిగుడ్డుతో ఏం పని? నొక్కి కూడా చూడకుండా తీసేశాను. దానితో పాటు ఇంకా చాలా తీసేశాను. విడ్జెట్ సగానికి సగం తగ్గింది. పాతపాళ్యలో టీ చేతికి రాకముందే తెరుచుకుంది.

మార్తాకు పంపాను. ఆవిడ రెండు రోజులు ఊరుకుని, సరేనని కలిపేసుకుంది. రామచంద్రప్పగారు ఆఫీసంతటికీ మైసూరు పాకు తెప్పించారు. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

గుడ్డు యాడికి పోయె

చలికాలం, వాన ముసురు పట్టిన రోజులు. మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది.

"నాగలక్ష్మమ్మా, నేను రత్నమ్మ. గుడ్డు యాడికి పోయె?"

"ఏ గుడ్డు?"

"మీ క్యాలెండర్లో ఉండె గదమ్మా కోడిగుడ్డు. నిన్న యెంత వెతికినా లేదు. నా ఫోనే చెడిపోయిందేమో అనుకుంటి."

"అదెందుకు మీకు?"

ఆమె చెప్పింది. చలికి పురుగులు ఒక్కోసారి ఆలస్యంగా లేస్తాయి. అలాంటప్పుడు ఆ గుడ్డు నొక్కితే ఆ రోజు గడి ఎర్రగా మారి, "ఆగండి" అని చూపేది. మాటలన్నీ వరసగా తెలుగు చేసిన రోజున ఆ మాటా చేశాను, ఎక్కడిదో చూసుకోలేదు. మిగతా గడులన్నీ మరుసటి రోజుకు జరిగేవి. సంఘంలో అందరూ అలాగే వాడుతున్నారు. ఎవరూ నేర్పలేదు, వేలు తగిలి తెలుసుకున్నారు. పట్టుపురుగులూ గుడ్ల నుంచే వస్తాయి కాబట్టి, నేనే ఆలోచించి ఆ బొమ్మ పెట్టానని అనుకున్నారట. మూడేళ్ళుగా నన్ను మెచ్చుకుంటున్నారు, నాకు తెలియకుండా.

"ఇప్పుడేమైంది?" అన్నాను.

"ఏమయ్యేది ఉండాదమ్మా. ఆకు వేసేసినారు. సగం పురుగు లేయలేదు," అని పెట్టేసింది.

రామచంద్రప్పగారు నా ముఖం చూసి విషయం అడిగారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. గోడ మీది గడియారం చూసి, "జంగమకోటెకు ఇంకా బస్సు ఉండాది," అన్నారు.

జంగమకోటె గడప

పురుగుల ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సున్నం చల్లిన గోనె మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయాను. అంతస్తులుగా కట్టిన మంచెల మీద మల్బరీ కొమ్మలు పరిచి ఉన్నాయి. మామూలుగా అలాంటి ఇంట్లో పురుగులు ఆకు తినే చప్పుడు సన్నటి వానలా వినిపిస్తుంది. ఆ రోజు అది అక్కడక్కడా తెగిపోతూ ఉంది. రత్నమ్మ ఒక కొమ్మ ఎత్తి చూపింది. పైన పెద్ద తలల పురుగులు ఆబగా తింటున్నాయి. కింద, ఆకుల తడిలో, తల ఎత్తి కదలకుండా ఉన్నవి ఉన్నాయి.

నాకు అప్పటికి తెలియని సంగతి ఇంకొకటి ఆ ఇంట్లో ఉంది. రత్నమ్మకూ శీనప్పకూ ఆరు నెలలుగా మాటల్లేవు. అంతకు ముందు రెండు పంటలు సరిగ్గా రాలేదు. శీనప్ప తోట పెరికేసి టమోటా పెడదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇంకొక్క పంట పోయినా తోట పెరికించేస్తానని ఊరి పెద్దల ముందు తేల్చి చెప్పాడట. అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పురుగులకు మేత వేస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. పని మాత్రం ఆ పేజీ చూసి నడిచేది. ఆమె గుడ్డు నొక్కితే అతని ఫోన్లో ఎర్ర గడి కనిపించేది, అతను మేత ఆపేవాడు.

ఆ ముందు రోజు తెల్లవారుతూనే ఆమె బాగేపల్లిలో చెల్లెలి సీమంతానికి బయలుదేరింది. పోయే ముందు పురుగులు చూసింది. సగం ఇంకా లేవలేదు. గుడ్డు కోసం వెతికింది, లేదు. బస్సు వచ్చేసింది. అతనికీ కళ్ళున్నాయి, చూసుకోడా అనుకుని పోయింది. అతను పేజీలో "మేత" అని చూశాడు, కొమ్మలు కోసి పరిచేశాడు.

"ఆమె ఆపమని నొక్కలేదు. ఫోన్లో మేత అని ఉండాది, పెట్టినాను. నాదేం తప్పుండాది మేడం?" అన్నాడు శీనప్ప. నాతో చెబుతున్నాడు, వినిపిస్తున్నది ఆమెకు.

"కళ్ళుండాయి గదా, పురుగు లేచిందో లేదో కనపడదా?" అంది రత్నమ్మ, ఆమె కూడా నాతోనే.

ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మాటను నేను బరువని తీసేశానని అప్పుడు అర్థమయింది. కోడ్‌లో దానికి ఇన్ని వరసలు ఎందుకని విసుక్కున్నాను.

"తప్పు మీ ఇద్దరిదీ కాదు," అన్నాను. "ఆ గుడ్డు తీసేసింది నేనే. పనికిరానిదనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు."

ఇద్దరూ నన్నే చూశారు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. నా వయసు ఆడమనిషి ఇంకొకరి పురుగుల ఇంట్లో నిలబడి ఏడవడం చూసి శీనప్ప గాభరా పడ్డాడు. "వదినా, నీళ్ళియ్యి ఆమెకి," అన్నాడు. ఆరు నెలల తరువాత వదినతో అతను నేరుగా ఆడిన మొదటి మాట అదేనని తరువాత రత్నమ్మ నాకు చెప్పింది.

నీళ్ళు తాగాక ముగ్గురం కూర్చుని పురుగులు వేరు చేశాం. లేచినవి ఒక మంచె మీదికి, లేవనివి ఇంకో మంచె మీదికి. రెంటినీ రెండు బ్యాచ్‌లుగా నడిపించాలి. అలా చేస్తే అంతా కాకపోయినా కొంత మిగులుతుందని రత్నమ్మ ఆశ. ఆఖరి బస్సు పోయింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

తిరిగి పెట్టడం

మర్నాడు ఆఫీసుకు వచ్చి గుడ్డును ఉన్నది ఉన్నట్టు తిరిగి పెట్టాను. గంట పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా సంఘంలో మిగతా ఇళ్ళు జ్వరం దాటకముందే అందింది. తరువాత మార్తాకు జరిగింది రాశాను. ఆవిడ జవాబు ఇంకా నా దగ్గర ఉంది. కోడిపిల్లలు బయటికి రావడం ఆలస్యమైతే ఇంట్లోవాళ్ళు తొందరపడి పెట్టె తెరవకుండా ఉండాలని ఆ గుడ్డు పెట్టుకుందట. నువ్వు తీసేసినప్పుడు బాధగానే ఉన్నా, ఇన్ని ప్రాణుల్ని పెంచేవాళ్ళ మధ్య ఉన్నదానివి, నీకు నాకంటే బాగా తెలిసి ఉంటుందని ఒప్పుకున్నానని రాసింది. "నేను అడిగి ఉండాల్సింది, నువ్వూ అడిగి ఉండాల్సింది," అని ముగించింది. నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఆయన పంచాంగంలో ఒక తిథి రెండు సూర్యోదయాలు చూసేది, ఇంకో తిథి ఒక్కటీ చూడకుండానే పోయేది. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని, "రోజుకో తిథి పెట్టేస్తే సులువు గదా తాతా," అనేదాన్ని. "మన సులువు కోసరం చంద్రుడు నడస్తాడా?" అనేవాడు. అది విని పెరిగినదాన్ని, పురుగు నా గడుల ప్రకారం లేస్తుందని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

తరువాతి పంటకు సెలవు పెట్టి జంగమకోటె పోయాను. ఆ ముందు పంటలో వేరు చేసిన పురుగుల్లో ముందు లేచినవి గూళ్ళు కట్టాయి. వెనకబడినవాటిలో చాలా భాగం ఒళ్ళు ఉబ్బి, తెల్లటి నీరు కారి పోయాయి. శీనప్ప మాత్రం తోట పెరికించలేదు. "తప్పు తోటది కాదు గదా. ఇంకొక పంట చూస్తాం," అన్నాడట. ఆ ఒక్క పంట మీదే అంతా ఆగి ఉంది.

ఆ రెండు జ్వరాలూ నేను రత్నమ్మ పక్కనే ఉన్నాను. ఆమె నాకు చూడటం నేర్పింది. జ్వరంలో ఉన్న పురుగు మెరుస్తూ బిగుసుకుని ఉంటుంది. లేచినదానికి తల పెద్దదై, చర్మం వదులుగా ముడతలు పడి ఉంటుంది, మేత కోసం అటూ ఇటూ పాకుతుంది. మంచె అంచున మాత్రమే చూసి మోసపోకూడదు, నడిమధ్య చూడాలి. నాలుగైదు చోట్ల చూడాలి.

"లేచినవి పాపం ఆకలికి తిరుగుతాండాయి," అన్నాను.

"తిరగనీలేమ్మా. లేచినోళ్ళు ఒక పూట ఆగితే చావరు. లేయనోళ్ళను తొక్కి తింటేనే ఇల్లు పోతాది," అంది రత్నమ్మ.

తిరిగొచ్చి విడ్జెట్‌ మీద మళ్ళీ పని చేశాను. గుడ్డు పక్కన "ఇంకా లేవలేదు" అని మాటల్లో పెట్టాను. బొమ్మ మార్చి పురుగు బొమ్మ పెడదామంటే రత్నమ్మ వద్దంది, అలవాటైపోయింది, అదే ఉండనీ అంది. నొక్కినవాళ్ళ పేరు కింద కనిపించేలా చేశాను, అది రామచంద్రప్పగారి సలహా. మందపాటి గోడల లోపల సిగ్నల్ లేకపోయినా నొక్కింది ఫోన్లో దాచుకుని, బయటికి రాగానే అందరికీ పంపేలా చేశాను. మేత గడి ఇప్పుడు "మేత పెట్టండి" అనదు. "లేచాయా? చూసి పెట్టండి" అంటుంది. ఇంత కలిపాక పాతపాళ్య పరీక్షలో మళ్ళీ ఓడింది. ఈసారి తీసేసింది నేను మురిసిపోతూ రాసుకున్నది. నెల మారేటప్పుడు పేజీ మెల్లగా పక్కకు జారే సొగసు. అది ఎవరికైనా కావాలా అని ముందు పదిమందిని అడిగాను. అలా జారుతుందని ఎవరూ గమనించనే లేదట. నొచ్చుకున్నాను, కానీ తీసేశాను.

నేను పక్కనుండి చూసిన ఆ పంట ఒక్క తీరున పండింది. గూళ్ళు విడిపించే రోజు రమ్మని రత్నమ్మ కబురు పెట్టింది. తోట ఉండిపోయింది.

అమ్మాయిలకు

సన్నబరచడం మంచి పని. మానకండి. బరువైన పేజీ మొదట వదిలేసేది పేదవాడి ఫోన్‌నే. కానీ కోడ్‌లో ఎంత వెతికినా దొరికేది కోడే, దాన్ని నొక్కే వేలు అక్కడ కనిపించదు. పేరు లేని బొమ్మ కనిపిస్తే, రాసినవాళ్ళను అడగండి. తరువాత బస్సెక్కి, వాడేవాళ్ళను అడగండి. తప్పు జరిగితే గడప దాకా పోండి. పోకపోయి ఉంటే ఆ వదినా మరుదుల మధ్య తప్పు ఎవరిదో ఈనాటికీ తేలేది కాదు, తోట మాత్రం పోయేది.

నాకు మంచి యజమాని దొరికాడు. ముఖం తెలియని మంచి స్నేహితురాలు దొరికింది. నా తప్పును నా ముఖాన చూపించి, పక్కన కూర్చోబెట్టుకుని సరిదిద్దిన రత్నమ్మ దొరికింది. ఈ పనిలో నాకంటే తెలివైనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ ఇంత అదృష్టం పట్టి ఉండదు.

నేను పని విరమించిన రోజున రామచంద్రప్పగారు సొరుగులోని పాత ఫోన్ తీసి, రబ్బరు బ్యాండుతో సహా నా చేతిలో పెట్టారు. శాలువా కూడా కప్పారు గానీ అది ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మరుసటి వారం పని లేక చేతులు ఊరుకోక, ఆ ఫోన్ తీసుకుని పాతపాళ్య బస్సెక్కాను. బస్టాండులో టీ చెప్పి, రత్నమ్మ ఇంటి పేజీ తెరిచాను. ఇన్నేళ్ళూ ఆ గుడ్డు కింద ఎప్పుడు చూసినా రత్నమ్మ పేరే ఉండేది.

టీ ఇంకా రాలేదు. పేజీ తెరుచుకుంది. ఆ రోజు గడి ఎర్రగా ఉంది. "ఆగండి. ఇంకా లేవలేదు." దాని కింద కోడిగుడ్డు, గుడ్డు కింద చిన్న అక్షరాల్లో, "చూసింది: శీనప్ప."